నాలుగు కాసుల వాచీ

ఆఫీసులో మధ్యాహ్నం మూడుంబావు మహా మొండి సమయం. తిన్న అన్నం కళ్ల మీదికొస్తుంటుంది. టీ రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంటుంది. పొద్దున మీటింగులో బ్రహ్మాండంగా అనిపించిన ఐడియా ఈపాటికి సగం వ్యాసమై, ఆ సగమూ చప్పగా తేలి, స్క్రీను మీద నీరసంగా పడి ఉంటుంది. ఇలాంటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో మందు. మా డెస్క్‌లో ఒకాయన మెట్లు దిగి బడ్డీకొట్టుదాకా వెళ్లొస్తారు. ఒకమ్మాయి ఫోన్లో చీరలు చూస్తుంది. నేను ఎడమచేతి కుర్తా అంచుని ఓ అరంగుళం పైకి జరుపుతాను. అంతే.

అక్కడ నా వాచీ ఉంటుంది.

టైము చూడటానిక్కాదు. టైముకేం... కంప్యూటర్ మూలన ఉంది, ఫోన్లో ఉంది, ఎదురుగోడ మీద ఉంది. పేజీలు ఎప్పుడు పంపుతారంటూ గంటకోసారి వచ్చే మా ఇన్‌చార్జిగారి మొహంలోనూ ఉంది! వాచీలో నేను చూసేది సెకన్ల ముల్లుని. మామూలు బ్యాటరీ వాచీలో అది సెకనుకోసారి గెంతుతుంది. ఇందులో గెంతదు, జారుతుంది. నిజానికి జారడమూ కాదు. సెకనుకి ఎనిమిది చిన్న అడుగులు వేస్తుంది. అంత చిన్న అడుగుల్ని మన కన్ను విడదీసి చూడలేదు కాబట్టి నూనె మీద తేలుతున్నట్టుంటుంది. దాని వెనక వెండిరంగు డయలు. డయలు నిండా బార్లీ గింజలు పరిచినట్టు సన్నటి అచ్చు. పైన నీలం ముళ్లు. ఉక్కు ముల్లుని మూడొందల డిగ్రీల దగ్గరదాకా వేడిచేసి, పైన ఏర్పడే పల్చటి పొరతో ఆ నీలం తెప్పించడం పాతకాలం నుంచీ వస్తున్న పద్ధతి. ట్యూబులైటు కింద ఆ ముళ్లు నల్లగా ఉంటాయి. చెయ్యి కాస్త కిటికీవైపు తిప్పితే చటుక్కున నీలం మెరుస్తుంది.

పది సెకన్లు. మహా అయితే పదిహేను. కుర్తా అంచు మళ్లీ కిందికి. పక్క సీట్లోవాళ్లకి కూడా తెలీదు. మిగిలిన సగం వ్యాసం ఏదోలా కదులుతుంది.

దాని పేరు లోంజీన్. స్పెల్లింగు చూసి ఎవరికి తోచినట్టు వాళ్లు పలుకుతారు. ఐశ్వర్యారాయ్ ప్రకటనల్లో కనిపించే వాచీ అంటే ఠక్కున గుర్తొస్తుంది. ఆవిడ 1999లోనే దానికి ప్రచారకర్త అయ్యారు. కంపెనీ మాత్రం 1832 నాటిది. స్విట్జర్లాండ్‌లో సెయింట్ ఇమియే అనే కొండల మధ్య ఊళ్లో పుట్టింది. రెక్కలున్న ఇసుక గడియారం దాని గుర్తు. వాచీల లోకంలో జమీందార్లు వేరే ఉన్నారు. పాటెక్ ఫిలిప్ అనీ, రోలెక్స్ అనీ. ఖరీదులో వాళ్ల ముందు ఇది నిలబడదు. కానీ ఆదివారం అనుబంధంలో పనిచేసే ఓ ఫీచర్ రైటర్ జీతం ముందు ఇదీ జమీందారే. 2021లో కొన్నప్పుడు లక్షా అరవైవేల పైచిలుకు అయింది.

అదిగో, మీ మొహంలో వచ్చిన మార్పు నాకు తెలుస్తూనే ఉంది. మా అమ్మకీ అలాగే వచ్చింది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది ఉంటుంది కదా, నెలకి రెండున్నర వేలు చొప్పున అందులో కట్టాను. జీతంలోంచి కాదు. రాత్రిళ్లు పాప పడుకున్నాక ప్రకటనల కంపెనీలకి అనువాదాలు చేసేదాన్ని. సబ్బులూ, సిమెంటూ, మోకాళ్ల నొప్పుల నూనెలూ... ఏది వస్తే అది తెలుగులో పెట్టాను. ఆ డబ్బుని ఇంటి ఖర్చుల్లో కలపకూడదని మొదట్నుంచీ ఓ పట్టుదల. దేనికో అప్పటికి తెలీదు. మా ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఆర్డీ పూర్తయిన ఏడాది మంచిది కాదు. అంతకుముందు ఏడే కరోనాతో పత్రికల పేజీలు తగ్గాయి. చాలాచోట్ల జీతాలు కోశారు, కొందర్ని ఇంటికి పంపేశారు. 2021 మే నెలలో మా డెస్క్‌లోనే ఒక కుర్చీ ఖాళీ అయింది. రిటైరయ్యాక కశ్మీరు చూసొస్తానని పదేళ్లుగా చెబుతుండే మనిషిది. ఇలాంటి రోజుల్లో చేతికొచ్చిన డబ్బుని ఏ తెలివైనవాళ్లయినా దాచుకుంటారు. నేను సెప్టెంబర్లో వెళ్లి వాచీ కొనుక్కున్నాను. ఆ కుర్చీకీ ఈ వాచీకీ సంబంధం ఉందా అని మా ఆయన ఒకసారి అడిగారు. ఏమో, నాకు తెలీదన్నాను. ఇప్పటికీ తెలీదు.

షోరూమ్‌లో అడుగుపెట్టగానే అమ్మకాల కుర్రాడు కేటలాగు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. 'నాక్కాదు బాబూ, ఆవిడకి' అన్నారీయన. 'ఓ... గిఫ్టా సార్!' అన్నాడు. కాదు, నేనే కొనుక్కుంటున్నాను అని చెప్పాక కూడా బిల్లు మీద ఎవరి పేరు రాయాలని ఆయన్నే అడిగాడు. ఆ తర్వాత కూడా ఎవరు చూసినా ఇదే ప్రశ్న. మీ ఆయన కొనిపెట్టారా? పెళ్లిరోజుకా? అన్నయ్య అమెరికా నుంచి తెచ్చారా? ఆడమనిషి మెడలో పది కాసుల గొలుసు ఉంటే ఎవరూ ఏమీ అడగరు. చేతికి వాచీ ఉంటే మాత్రం అదెక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి.

తమాషా ఏమిటంటే, అసలు చేతి గడియారం మొదట్లో ఆడవాళ్లదే. నేపుల్స్ రాణి కరొలిన్ మూరా కోసం బ్రెగే అనే గడియారాల నిపుణుడు 1812లో మణికట్టుకి కట్టుకునే గడియారాన్ని తయారుచేసి ఇచ్చాడు. 1868లో పాటెక్ ఫిలిప్‌వాళ్లు హంగరీ దేశపు ఓ జమీందారిణికి చేసిచ్చారు. అప్పట్లో మగవాళ్లవి జేబు గడియారాలు. గొలుసు లాగి, మూత తీసి, గంభీరంగా చూసుకునేవారు. చేతికి కట్టుకోవడమంటే గాజులు వేసుకున్నట్టేనని వాళ్లకి నామోషీ. మొదటి ప్రపంచయుద్ధం ఆ నామోషీని వదలగొట్టింది. కందకంలో ఓ చేత్తో తుపాకీ పట్టుకుని, ఇంకో చేత్తో జేబులోంచి గడియారం ఏం తీస్తాడు? యుద్ధం ముగిసి ఇళ్లకొచ్చిన సైనికుల చేతులకి వాచీలున్నాయి. ఇక అది మగతనానికి గుర్తయి కూర్చుంది. మన దగ్గరైతే పెళ్లికొడుక్కి పెట్టాల్సిన వస్తువుల జాబితాలోకే ఎక్కింది. వాచీ, సైకిలు, రేడియో. మా నాన్నగారి పెళ్లిలో ఆ మూడింటి గురించీ విడివిడిగా తగాదాలు జరిగాయట!

అమ్మ దగ్గరికొస్తాను. అమ్మ తెనాలిలో ఉంటుంది. వాచీ సంగతి ఫోన్లో చెప్పలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చేతికి చూసింది. ధర అడిగింది, చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుంది. 'నాలుగు కాసులు' అంది చివరికి. 'కూలీ, తరుగూ అన్నీ పోనూ నాలుగు కాసులొచ్చేవే అమ్మాయ్.'

మా అమ్మకి ప్రపంచంలో ప్రతి వస్తువూ కాసుల్లోనే కనిపిస్తుంది. ఫ్రిజ్ అరకాసు. స్కూటీ రెండు కాసులు. నవ్వొచ్చే మాటే. కానీ నేను నవ్వను. నవ్వే హక్కు నాకు లేదు. డిగ్రీ అయ్యాక జర్నలిజం డిప్లమో చేస్తానని నేను పట్టుబట్టినప్పుడు ఇంట్లో డబ్బుల్లేవు. అమ్మ తన రెండు జతల గాజులు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టింది. అరగంటలో పని అయిపోయింది. ఎవరినీ దేబిరించలేదు, ఏ చుట్టం గుమ్మమూ ఎక్కలేదు. ఆ గాజుల మీద వచ్చిన డబ్బుతో నేను హైదరాబాద్ బస్సెక్కాను. రెండేళ్ల తర్వాత నా జీతంతో విడిపించాం. ఈ రోజు ఈ వ్యాసం కింద నా పేరు పడుతోందంటే దానికి మూలం ఆ గాజులే.

అందుకే అమ్మ రెండో ప్రశ్న సూటిగా తగిలింది. 'రేపు అవసరమొస్తే బ్యాంకువాడు దీన్ని పెట్టుకుంటాడా?'

పెట్టుకోడు. అమ్ముదామన్నా కొన్న ధర రాదు. షోరూమ్ గుమ్మం దాటిన నిమిషంలోనే ఇలాంటి వాచీల విలువ పడిపోతుంది. తిరిగి అమ్మితే లాభం వచ్చే వాచీలు లేకపోలేదు. అవి ఆ జమీందార్లవి, అందులోనూ కొన్నే. నాది అలాంటిది కాదు. ఎంతో కొంత సర్దిచెబుదామని, 'అమ్మా, దీన్లో కెంపులున్నాయే, ఇరవై రెండు' అన్నాను. అమ్మ మొహం వెలిగింది. ఏవీ, ఎక్కడ అంటూ చత్వారపు అద్దాలు పెట్టుకుంది. వాచీ వెనకవైపు అద్దంలోంచి చూపించాను. ఎర్రగా, ఆవగింజల్లాగా. లోపలి చక్రాల ఇరుసులు తిరగడానికి వాటిని అమరుస్తారు. ఉక్కు ఇరుసు కెంపులో తిరిగితే ఒరిపిడి తక్కువ, అరుగుదల తక్కువ. కాకపోతే అవి గనుల్లో దొరికిన కెంపులు కావు. 1902లో వెర్నయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మంటలో పొడిని కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి బయటపెట్టాక, వాచీల్లోకి వచ్చేవన్నీ ఇంచుమించు అవే. చాలా చవక. ఈ చివరి ముక్క చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. 'అంటే గిల్టువన్నమాట' అని అద్దాలు తీసేసింది అమ్మ.

నిజం చెప్పొద్దూ, పనితనంలో కూడా దీన్ని సమర్థించడం కష్టం. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకోవాళ్లు మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టారు. అందులో చిన్న స్ఫటికం ఉంటుంది. ఈ రోజుల్లో చేసే వాటిల్లో అది సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. నా వాచీలో బ్యాలెన్స్ చక్రం కొట్టుకునేది గంటకి 28,800 సార్లు. పోటీ ఏపాటిదో మీరే చూడండి. ఫుట్‌పాత్ మీద రెండొందలకి దొరికే బ్యాటరీ వాచీ కూడా నెలకి కొన్ని సెకన్లు అటూఇటూ అవుతుందంతే. నాది రోజుకే ఐదారు సెకన్లు ముందుకెళ్తుంది. పది రోజులు ఊరుకుంటే నిమిషం తేడా. అంటే, తప్పు టైము చూపించడానికి లక్షా అరవైవేలు!

పైగా అది నా చేతికి తిండిలేక మాడుతుంది కూడా. అదెలాగో చెబుతాను. ఇది ఆటోమేటిక్. బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రాకారంలో ఓ బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది గిర్రున తిరిగి స్ప్రింగుని చుడుతుంది. ఆ స్ప్రింగు విప్పుకుంటూ చక్రాల్ని నడుపుతుంది. అంటే వాచీకి తిండి మన చేతి కదలికే. మరి రోజంతా కీబోర్డు ముందు కూర్చునే మనిషి చెయ్యి ఎంత కదులుతుంది? వేళ్లు పరిగెడతాయి కానీ మణికట్టు బల్ల మీదే ఉంటుంది. మీటింగులు ఎక్కువైన వారంలో దాని పరిస్థితి మరీ దారుణం. ఇక నా వీక్లీ ఆఫ్ మంగళవారం. సోమవారం రాత్రి తీసి బీరువాలో పెడితే, బుధవారం పొద్దునకల్లా ఆగిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. నిండుగా చుట్టినా దానిలో ఉండే శక్తి నలభై గంటల చిల్లర.

బుధవారం పొద్దున అందుకే నాకిష్టం. కుక్కరు మూడో కూత కూసేలోపు ఓ రెండు నిమిషాలు దొరుకుతాయి. వంటింటి గట్టు దగ్గరే నిలబడి పక్కనున్న చిన్న మరని రెండు వేళ్లతో తిప్పుతాను. ఇరవైసార్లో పాతికసార్లో. కిర్రు కిర్రుమని చాలా సన్నటి శబ్దం. పళ్లచక్రం ఒక్కొక్క పన్నూ దాటడం వేలికొసకి తెలుస్తుంది. పది తిప్పేసరికి సెకన్ల ముల్లు ఉలిక్కిపడి లేస్తుంది. మర లాగి టైము సరిచేస్తాను, తారీఖు మారుస్తాను. రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడింటికీ మధ్య తారీఖు మార్చకూడదట, ఆ వేళలో లోపలి పళ్లు పట్టుకుని ఉంటాయట. ఇలాంటి పథ్యాలు ఇంకా చాలా ఉన్నాయి. టీవీకి రిమోట్ ఎక్కడుందో ఎప్పుడూ గుర్తుండని నాకు ఇవన్నీ ఎలా గుర్తుంటున్నాయో మా అత్తగారికి ఆశ్చర్యం. ఆవిడకి ధర తెలీదు. అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఊళ్లో ఒకప్పుడు టైము అందరిదీ. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టారు. సికింద్రాబాద్ క్లాక్‌టవర్ 1897 నాటిది. ఎవరింట్లోనూ గడియారం లేని కాలంలో బజారుకొచ్చినవాళ్లు తలెత్తి చూసుకునేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇప్పటికీ గంట గంటకీ ఆ సంగీత గడియారం ముందు జనం గుమికూడతారు. బుల్లి బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది. పన్నెండింటికైతే ఎక్కువసార్లు కొడుతుందని మరింత రద్దీ. నేనూ చాలాసార్లు వెళ్లాను. పిల్లలు కేరింతలు కొడతారు. బాగుంటుంది. కానీ నా చేతి మీద జరిగేది దానికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. చూసేది నేనొక్కదాన్నే, గంట కొట్టేవాళ్లెవరూ ఉండరు. దీని గురించి మాట్లాడాలని కూడా అనిపించదు. (మరి పేపర్లో రాస్తున్నావేం అంటారా? ఆదివారం పేజీ నిండాలి కదండీ.)

ఐదేళ్లలో ఆఫీసులో దీన్ని గుర్తుపట్టింది ఒక్కరే. ప్రూఫ్ సెక్షన్‌లో మిగిలిన ఆఖరి పెద్దాయన. ఓ రోజు పేజీ మీద నా తప్పు చూపించడానికి వచ్చి, వేలు పెట్టిన చోటునుంచి చూపు జరిగి నా చేతి మీద ఆగింది. 'ఆటోమేటికా అమ్మా?' అన్నారు, గొంతు తగ్గించి. అవునన్నాను. ఆయన తన చొక్కా చేతి గుండీ విప్పి చూపించారు. హెచ్‌ఎంటీ జనతా. రోజూ చుట్టుకోవాల్సిన రకం. అద్దం మీద గీతలు, తోలుపట్టా మాత్రం కొత్తది. హెచ్‌ఎంటీవాళ్లు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. మన దేశంలో రెండు మూడు తరాల చేతుల మీద అవే నడిచాయి. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఈయనది మాత్రం నడుస్తూనే ఉంది. ధర అడగలేదాయన. ఎవరు కొనిపెట్టారనీ అడగలేదు. అప్పట్నుంచీ కారిడార్లో ఎదురుపడితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి మర తిప్పినట్టు ఓసారి ఆడిస్తారు. చుట్టావా అని. నేను తలూపుతాను. మా మధ్య ఇంతకుమించి సంభాషణ లేదు.

ఇప్పుడు కష్టమైన సంగతి. నా పని ఆఫీసులోనే అయిపోదు. ఊళ్లు తిరగాలి, మనుషుల్ని కలవాలి. కలిసేవాళ్లలో ఎక్కువమంది నాకంటే లేనివాళ్లు. మొదట్లో ఓ స్నేహితురాలు సలహా ఇచ్చింది. 'ఇంటర్వ్యూలకి వెళ్లేటప్పుడు తీసి బ్యాగులో పడేయవే, ఎందుకొచ్చిన గొడవ' అని. అలా దాచుకుని, ఎదుటివాళ్లని మాత్రం నీ కూలెంత, నీ అప్పెంత అని అడగడం నాకు నచ్చలేదు. పెట్టుకునే వెళ్లేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే చూడ్డానికి ఇది ఐదొందల వాచీలాగే ఉంటుంది.

రెండేళ్ల కిందట బీడీ కార్మికుల మీద రాయడానికి కామారెడ్డి జిల్లాలో ఓ ఊరు వెళ్లాను. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చున్నారు. కత్తిరించిన తునికాకు, దాని మీద చిటికెడు తంబాకు, ఒక్క చుట్టు, దారం ముడి. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు ఆగవు. వాళ్లలో పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, నా చెయ్యి వంకే చూస్తోంది.

'వాచి మంచిగున్నది బిడ్డా. ఎంతకు తీస్కున్నవ్?'

ఐదొందలని చెబితే అయిపోయేది. నేను పొద్దున్నుంచీ ఆవిడ కూలీ, ఆవిడ పీఎఫ్, ఆవిడ కొడుకు తాగుడు అన్నీ అడిగి రాసుకున్నాను. అసలు ధర చెప్పాను.

చేతులు ఆగాయి. పక్కావిడ 'అవ్వా!' అని నోటి మీద చెయ్యి వేసుకుంది. పెద్దావిడ మాత్రం కోపంగా లేదు, ఆశ్చర్యంగానూ లేదు. లెక్క కడుతోంది. అచ్చం మా అమ్మలాగే. చాటలోకి చూస్తూ పెదవులు కదిలించింది. 'మూడేండ్లు సుట్టాలె' అంది. 'కార్ఖానల పని మంచిగ నడిస్తెనే మల్ల.'

ఏమనాలో తెలియలేదు. ఆవిడే అడిగింది, 'సెల్లు ఎయ్యాల్నా, చార్జింగు వెట్టాల్నా?' అని. రెండూ అక్కర్లేదు, చెయ్యి కదిలితే చాలు నడుస్తుందన్నాను. నమ్మలేదు. తీసి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుంది. 'కొట్టుకుంటున్నది' అని పక్కావిడకిచ్చింది. అలా అరుగంతా తిరిగి మళ్లీ ఆవిడ దగ్గరికొచ్చింది. నేనే ఆవిడ చేతికి కట్టాను. పట్టా కొంచెం వదులైంది. ఆవిడ అలాగే బీడీలు చుట్టడం మొదలెట్టింది. అరగంటసేపు మేం మిగతా విషయాలు మాట్లాడుకున్నాం. నా చూపు మాత్రం ఆ మణికట్టు మీదే ఉంది. ఆకు తిప్పినప్పుడల్లా, దారం లాగినప్పుడల్లా చిన్న విసురు. లోపల ఆ బరువు గిరగిరా తిరుగుతూనే ఉండి ఉంటుంది. నా దగ్గర రోజంతా ఆకలితో ఉండే వాచీ ఆ చేతి మీద నిండుగా తింది.

ఇచ్చేటప్పుడు కొంగుతో అద్దం తుడిచి ఇచ్చింది. తంబాకు వాసన పట్టాకి వారంపాటు వదల్లేదు. వ్యాసం అచ్చయింది. ఈ ముక్క అందులో రాయలేదు, అది వాళ్ల గురించిన వ్యాసం కాబట్టి. మూడేళ్లన్న లెక్క మాత్రం అప్పుడప్పుడూ మూడుంబావుకి కుర్తా అంచు జరిపినప్పుడు గుర్తొస్తుంది. గుర్తొచ్చినంత మాత్రాన వాచీ అందం తగ్గదు. వాచీ అందంగా ఉన్నంత మాత్రాన ఆ లెక్క తగ్గదు. ఇప్పటికీ ఊళ్లకి దాన్ని పెట్టుకునే వెళ్తాను, అడిగితే ధర చెబుతాను. అప్పులతో ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం పెట్టుకోను. ఇందులో తర్కమేమిటని మా ఆయన అంటారు. తర్కం లేదు.

ఇంతలో అమ్మ లెక్క ఎక్కడికో వెళ్లిపోయింది. నేను వాచీ కొన్నప్పుడు పది గ్రాముల మేలిమి బంగారం యాభైవేలకి ఇవతలే ఉంది. 2025లో లక్ష దాటింది. దాటిన రోజు మా పేపర్లో మొదటి పేజీ వార్త చూసి అమ్మ పొద్దున ఏడింటికే ఫోన్ చేసింది. 'పేపరు చూశావా?' అని. నేను పనిచేసే పేపరు గురించి నన్నే అడుగుతోంది! చూశానన్నాను. 'ఆఁ, ఊరికే, చూశావేమోనని' అని పెట్టేసింది. ఆ నాలుగు కాసులూ కొని ఉంటే రెట్టింపు దాటేవని నాకూ తెలుసు. పాపకి ఇంజినీరింగ్ ఫీజు అంటూ మొదలైతే ఎవరి గాజులు ఆదుకుంటాయో కూడా తెలుసు. అమ్మ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నా లెక్కలో ఒక అంకె ఉంది, దాన్ని కాసుల్లోకి ఎలా మార్చాలో ఆవిడకి నేను చెప్పలేకపోతున్నాను. ఎనిమిది గంటల షిఫ్టులో ఆ చక్రం రెండు లక్షల ముప్పైవేల సార్లకి పైగా కొట్టుకుంటుంది. వాటిల్లో ఓ వెయ్యో రెండువేలో నేను చూస్తాను. అవి ఇన్‌చార్జిగారివి కావు, పాపవి కావు, అత్తగారి మందుల చీటీవి కావు.

గత దసరాకి అమ్మ హైదరాబాద్ వచ్చింది. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా తేటపడింది. ఓ మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్తూ వాచీ డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టాను. తిరిగొచ్చేసరికి అమ్మ దాన్ని బోర్లించి, వెనక అద్దంలోంచి లోపలికి చూస్తోంది. చేతిని అటూఇటూ ఊపుతూ, ఆ బరువు తిరగడాన్ని చూస్తోంది. నన్ను చూసి ఠక్కున కింద పెట్టేసింది. 'దుమ్ము పడుతోంది, డబ్బాలో పెట్టుకోవచ్చుగా' అంది.

ఇప్పుడు దానికి ఐదో ఏడు నడుస్తోంది. ఇలాంటి వాచీల్ని ఐదేళ్లకోసారైనా విప్పి, కడిగి, కొత్త నూనె వేయించాలంటారు. లేకపోతే ఎండిపోయిన నూనెతోనే చక్రాలు ఒరుసుకుంటాయి. రోజుకి ఐదారు సెకన్లు ముందుకెళ్లేది ఈ మధ్య పది దాటుతోంది కూడా. మొన్న శనివారం సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, ఐదారు వారాలు పడుతుందంది. ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చింది. చూసి మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. కాసుల్లో ఎంతవుతుందో బస్సులో లెక్కేసుకున్నాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు.